మావయ్య మూర

పూలు కొనేటప్పుడు నేను పేచీ పెట్టకుండా ఉండలేను. మొన్న బందరు కోనేరు సెంటర్లో చామంతి దండలమ్మే అమ్మాయిని మూడు మూరలు అడిగాను. ఆ అమ్మాయి దండ కొస మోచేతి దగ్గర పట్టుకుని, వేళ్ళ దాకా వెళ్ళకుండా మణికట్టు దాటగానే మడిచేసి "ఒకటి" అంది. "మూరంటే నడిమి వేలి చివరి దాకానమ్మా, మధ్యలో దిగిపోతావేంటి?" అన్నాను, ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పి అరిగిపోయిన గొంతుతో. "మా చేతులింతేనండీ మేడంగారూ. దేవుడిచ్చిన చేతులు, మీకోసం సాగదీసుకోమంటారా?" అని నవ్వింది. పక్కన కొబ్బరికాయలు కొట్టే ఆయన కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ అది సగంలోనే ఆగిపోయింది. ఎవరి చెయ్యి, ఎంత మూర అన్నది మా ఇంట్లో నవ్వులాటగా మొదలై, నవ్వులాటగా మిగలని సంగతి. దండ సంచిలో వేసుకుని, సమాధుల తోటకి పొమ్మని ఆటో ఎక్కాను.

ఆటో అబ్బాయిది మంగినపూడి వైపట. దారి పొడుగునా కొత్త రేవు గురించే చెప్పాడు. "మూడొందల మీటర్ల ఓడలొస్తయ్యంటండీ. ఇక మన కుర్రోళ్ళకి పన్లే పన్లు." వస్తే సంతోషమే. బందరుకి రేవు వస్తుందన్న మాట నేను లంగా కట్టుకున్న రోజుల నుంచీ వింటూనే ఉన్నాను. అతను మీటర్లంటుంటే నా బుర్ర నన్నడక్కుండానే లెక్క వేసేసింది. మావయ్య మూరతో ఆరువందలకి కాస్త తక్కువ. అంటే బైబిల్లో జలప్రళయం నాటి ఓడకి దాదాపు రెట్టింపు. టీవీలో, పేపర్లో, ఎక్కడ ఏ ఓడ పొడవు కనపడినా నాకు ఇదే తంతు. ఈ జబ్బు నాకు మా మేనత్త దగ్గర నుంచి అంటుకుంది. ఆవిడ సమాధి మీద వెయ్యడానికే ఈ పూలు.

అత్తయ్యని దివిసీమలో, నాగాయలంక దాటాక కాలవ గట్టు మీదున్న ఒక ఊళ్ళో ఇచ్చారు. మావయ్య పడవలు కట్టే వడ్రంగి. మనిషి తాటిచెట్టంత ఉండేవాడు. చేతులు మరీ పొడుగు. "మా బావ వంగకుండానే మోకాలు గోక్కుంటాడు" అని మా నాన్న ఏడిపించేవాడు. ఇంటి ముందు ఖాళీ జాగాలోనే పడవ కట్టేవాళ్ళు. పలకల అతుకుల్లో దూది కుక్కి, పైన గుగ్గిలం నూనెలో కాచి పూసేవాళ్ళు. ఆ వాసన ఇంటి గోడలకీ, బట్టలకీ పట్టి, ఆఖరికి చేపల పులుసులోకి కూడా వచ్చేది. గుడివాడ నుంచి సెలవులకి వెళ్ళిన మొదటి రోజు అన్నం సయించేది కాదు. మూడో రోజుకి ఆ వాసన లేకపోతే అన్నం సయించేది కాదు. వాళ్ళకి ఒక్కతే కూతురు. నాకంటే ఏడాది పెద్దది, వరసకి వదిన. ఆ ఏడాది పెద్దరికాన్ని అది ఎన్నడూ వృథా పోనివ్వలేదు. మంచి జామకాయ దానిది, కిటికీ పక్క చోటు దానిది, మావయ్య భుజం మీద ఎక్కే మొదటి వంతు దానిది.

అత్తయ్య ఊళ్ళో ఆదివారం బడి నడిపేది. చర్చిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి బైబిలు కథలు చెప్పడం. అన్ని కథల్లోకీ ఆవిడకి ప్రాణమైంది జలప్రళయం. సముద్రం పక్కన బతికే మనిషికి అది కథలా ఉండదు కదా. దేవుడు ఒక కుటుంబాన్నీ, జతజతలుగా జంతువుల్నీ ఎక్కించి కాపాడిన ఆ ఓడ పొడవు మూడువందల మూరలు, వెడల్పు యాభై, ఎత్తు ముప్పై. "నోటితో చెబితే సరిపోదు, కాళ్ళతో నడవాలి" అనేది. ఏటా క్రిస్మస్ సెలవుల్లో, కోతలయ్యాక, మినుము చల్లని చేను ఒకటి చూసుకుని అక్కడ ఓడ కొలిచేవాళ్ళం. ఊళ్ళో అదొక పండగ. మోకులు, మేకులు, సుత్తి మావయ్యవి. కేకలు అత్తయ్యవి. జంతువులం మేము. వదిన ప్రతిసారీ ఏనుగే. నన్ను బాతుని చేసేది. నేను గుడివాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది బాతు కావడానికా అని ఒకసారి ఏడ్చాను కూడా.

అసలు తగువు ఎవరి మూరతో కొలవాలన్న దగ్గర వచ్చేది. పుస్తకంలో మూర అని ఉంది గానీ ఎవరి మూరో లేదు. ఒక ఏడు మా నాన్న కూడా వచ్చాడు. తన చెయ్యే సరైనదని, తాను రైల్వే మనిషి కాబట్టి తనది సర్కారు మూర అని వాదించాడు. అత్తయ్య ఇద్దరినీ చేనుగట్టు మీద కూర్చోబెట్టి, మోచేతులు పక్కపక్కన ఆనించి చూసింది. మావయ్య వేలి కొస నాన్న వేలి కొసని దాటిపోయింది. ఎంత దాటిందో చూడ్డానికి అత్తయ్య తన వేళ్ళు అడ్డం పెట్టింది. సరిగ్గా రెండు వేళ్ళు పట్టాయి. "ఓడ కట్టినాయన వడ్రంగం చేసినాయన. వడ్రంగి మూరే లెక్క" అని తీర్పు చెప్పేసింది. నాన్న ఓడిపోయినందుకు మూతి ముడుచుకుంటే వదిన వెళ్ళి ఆయన వేళ్ళు పట్టుకుని లాగింది, సాగుతాయేమోనని.

మావయ్య మూరతో మూడువందలంటే చూస్తే గాని నమ్మలేం. ఆ చివర నిలబడి కేకేస్తే ఈ చివరకి వినపడదు. మావయ్య కట్టే పడవ ఇరవై మూరల పైచిలుకు. అలాంటివి పద్నాలుగు వరసగా పెడితే గాని ఆ ఓడ కాదు. ప్రతి ఏడూ ఓడ ముక్కు పక్క చేలోకి పోయేది. ఆ చేను ఆసామి, మేం తాతగారూ అని పిలిచే పెద్దాయన, గొడుగేసుకుని వచ్చి, "అమ్మాయ్, మీ ఓడ మా మినుముల్లోకొచ్చింది. జంతువుల్ని కాస్త చూసి నడవమను" అనేవాడు. ఆయనకి తన వైపు కథ ఉంది. ప్రళయం వచ్చినప్పుడు చేప లాక్కుపోయిన పడవ. "మా పడవకి కొలతలు లేవమ్మా. దేవుడు ఎంత కావాలంటే అంత" అనేవాడు. "కొలతల్లేని పడవ నేనెక్కనండీ బాబాయిగారూ" అనేది అత్తయ్య. మావయ్య మాత్రం ఇద్దరి మధ్యా మోకు చుట్టుకుంటూ, "ఇంత పొడుగు కర్రతో కడితే అల మీద నడుం విరుగుద్ది. అతుకులు నోళ్ళు తెరుస్తయ్" అని గొణిగేవాడు. అది నిజమేనని చాలా ఏళ్ళకి నేను చదివాను. మనుషులు కట్టిన కర్ర ఓడల్లో అతి పెద్దవి కూడా ఆ ఓడ పొడవు రాలేదట. వచ్చినంత మేర కూడా వంగిపోయి, అతుకులు వదులై, నీళ్ళు తోడుకుంటూనే తిరిగాయట. మావయ్య గొణుగుడు అత్తయ్య చెవికెక్కేది కాదు. దేవుడు కొలతలిచ్చి కట్టించింది విరుగుతుందా?

ఉప్పెన వచ్చిన రోజు గురించి నేను చెప్పగలిగింది అత్తయ్య చెప్పిందే. ఆవిడ చెప్పింది ఒక్కసారే. పొద్దుటి నుంచీ గాలి. మావయ్య కట్టిన కొత్త పడవ ఇంటి ముందు దిమ్మెల మీద ఉంది. రంగు వెయ్యడం తప్ప అన్నీ అయిపోయాయి. అందరం చర్చికి పోదామన్నాడు మావయ్య. చర్చిది పెంకుల కప్పు. గాలికి పెంకులు లేస్తాయి, నీళ్ళొస్తే గోడలు ఆగవు, పడవైతే తేలుతుంది అన్నది అత్తయ్య. ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పిందే తానూ నమ్మింది. "పాపని తీసుకుని మీరు ఓడెక్కండి. మోకులు గట్టిగా కట్టండి, గాలికి కొట్టుకుపోద్ది. నేను బడి పిల్లల్ని పోగేసుకొస్తా" అంది. తల్లిదండ్రులు చేల మీద ఉన్న పిల్లలు ఇళ్ళల్లో ఒంటరిగా ఉన్నారు. దొరికిన వాళ్ళని దొరికినట్టు చంకనేసుకుని, చెయ్యి పట్టుకుని చర్చి దాకా వచ్చేసరికి సముద్రం వచ్చేసింది. పడవ దాకా వెళ్ళే దారి లేదు. పిల్లల్ని చర్చి గంట గోపురం మెట్ల మీదికి తోసి, కింద మెట్టు మీద తాను అడ్డంగా నిలబడింది. పెంకులు పోయాయి. గోడలు నిలిచాయి. పిల్లలందరూ బతికారు. వదిన, మావయ్య దొరకలేదు. పడవ పలక కూడా దొరకలేదు.

నాన్న వెళ్ళి అత్తయ్యని గుడివాడ తీసుకొచ్చాడు. కట్టుబట్టలతో అంటారే, అలా వచ్చింది. మావయ్యది ఒక చొక్కా గుండీ కూడా లేదు. కొన్నాళ్ళకి ఆ పక్క చేను తాతగారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆయన తన మేడ మీద నుంచి చూశారట. అరుగు మీద కూర్చుని, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా చేతిలోనే పట్టుకుని చెప్పారు. "పడవ లేచిందమ్మా. నా కళ్ళతో చూశాను. అంత గాలిలోనూ నిలబడి తేలింది. మోకు ఒక్కటి తెగలేదు. మీ ఆయన కట్టిన కట్టు అలాంటిది. తర్వాత నీళ్ళు ఇంకా లేచినయ్, నాకేం కనపడలా." ఓదార్పుగానే చెప్పారు పాపం. అత్తయ్య చెంగు నోటికడ్డం పెట్టుకుని వింది. మేమందరం మావయ్య పనితనానికి పొంగిపోయి ఏడ్చాం. ఆ మాటలో ఉన్నదేమిటో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

ఆ తర్వాత అత్తయ్యకి ఒకటే ప్రశ్న. ఓడ ఎంత ఉంటే ఆగేది? దేవుణ్ణి అడగలేదు, కోప్పడలేదు, చర్చి మానలేదు. కొలత మాత్రం అడిగేది. ఇరవై మూరలు చాలలేదు సరే, ముప్పై అయితే? వంద అయితే? సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చి కుర్చీలో కూర్చోగానే, "అన్నయ్యా, చెయ్యి ఇట్టా పెట్టు" అనేది. నాన్న బల్ల మీద మోచెయ్యి ఆనించేవాడు. ఆయన వేలి కొస దగ్గర అత్తయ్య తన రెండు వేళ్ళు చేర్చి, అక్కడికి చూసుకునేది. అంతే, మావయ్య మూర. ఆయనది ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. మొదట్లో అమ్మ భయపడింది, మతి చలించిందేమోనని. తర్వాత తర్వాత నాన్న చెయ్యి చాచగానే అమ్మే బల్ల మీద కూర గిన్నె జరిపేది.

ఒకరోజు నాన్న ఆవిణ్ణి స్టేషనుకి తీసుకెళ్ళి, నిలబడి ఉన్న బందరు బండి చూపించి, "నీ ఓడ దాదాపు ఏడు బోగీలమ్మా" అన్నాడు. అత్తయ్య ఏడు బోగీల పొడుగునా నడిచి, తిరిగొచ్చి, "ఇది తేలుద్దా అన్నయ్యా?" అంది. ప్లాట్‌ఫారం మీద జనం మధ్య మా నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే. ఇంకోసారి, నేను కాలేజీలో ఉండగా, మంచుగడ్డకి తగిలి మునిగిపోయిన ఆ పేరుమోసిన పెద్ద ఓడ గురించి చెప్పాను. ఇనుముతో కట్టింది, మునగదని అందరూ నమ్మింది. "పొడవెంత?" అంది. మావయ్య మూరతో అయిదువందల పైన అన్నాను. "అయిదొందలా? అదీ మునిగిందా?" అని రెండుసార్లు అడిగింది. ఆ రాత్రి చాలా కాలానికి కడుపునిండా అన్నం తింది. అన్ని వందల మంది చచ్చిపోయిన కథ విని తేలికపడ్డ మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు. మావయ్య పడవది తప్పు కాదని ఆవిడకి ఒక సాక్ష్యం దొరికింది. తనది కూడా కాదేమోనని ఆశ దొరికింది.

నాన్న పోయినప్పుడు శవం పక్కన కూర్చుని అత్తయ్య ఆయన చేతిని మోచేతి నుంచి వేలి దాకా నిమురుతూనే ఉంది. చుట్టాలు అన్నా చెల్లెళ్ళ ప్రేమ అనుకున్నారు. ప్రేమే. కానీ ఆ చెయ్యి మట్టిలోకి వెళితే మావయ్య మూర కూడా వెళ్ళిపోతుందని నాకు తెలుసు. నేను పక్కన కూర్చుని నా చెయ్యి నాన్న చేతికి ఆనించి చూశాను. నాది రెండు వేళ్ళు తక్కువ. "అత్తయ్యా, నా చెయ్యీ, నీ నాలుగు వేళ్ళూ" అని చెవిలో చెప్పాను. నా మొహం వంక చూసి, అప్పుడు వదిలింది నాన్న చేతిని. ఆ తర్వాత ఆవిడ నాతోనే బందరు వచ్చేసింది.

ఇక్కడ మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉంది. ఆవిడ బతికించిన పిల్లలు పెద్దవాళ్ళై, మనవల్ని వెంటబెట్టుకుని క్రిస్మస్‌కి కేకులతో వచ్చేవాళ్ళు. అందరినీ ఆప్యాయంగా పలకరించి, వాళ్ళు వెళ్ళగానే తలుపేసుకునేది. మా అల్లుడు ఓడల్లో ఇంజనీరు. పెళ్ళయ్యాక మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఫోన్లో తన ఓడ చూపించాడు. నాలుగువందల మీటర్లట. అత్తయ్య నా చెయ్యి లాక్కుని, నాలుగు వేళ్ళు చేర్చుకుని, నా చేత లెక్క వేయించింది. ఎనిమిదివందలకి దగ్గర. ఆవిడ మొహం వెలిగిపోయింది. "బాబూ, ఇదైతే ఉప్పెనకి ఆగుద్దా?" అంది. ఆ అబ్బాయికి మా కథ పూర్తిగా తెలియదు. మర్యాదగా, వివరంగా చెప్పాడు. "సైజుతో పని లేదండీ అమ్మమ్మగారూ. తుఫాను హెచ్చరిక రాగానే కట్లు విప్పేసి సముద్రంలోకి వెళ్ళిపోతాం. లోతులో ఫరవాలేదు. ఒడ్డున కట్టేసి ఉంటే ఎంత పెద్దదైనా ఒకటే. నీళ్ళు లేచినంత మేర తాడు లేవదు కదండీ."

అత్తయ్య నా చెయ్యి వదిలేసింది. ఏదో మర్చిపోయిన పని గుర్తొచ్చినట్టు మామూలుగా అంది. "మోకులు గట్టిగా కట్టమంది నేనే."

 అల్లుడు తర్వాత సంగతి తెలిసి, విలవిల్లాడి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు. అది చిన్న పడవ, కట్టు విప్పినా ఆ అలకి చెట్లకి కొట్టుకుని పగిలేదే, ఏం చేసినా ఆగేది కాదని. నిజమే చెప్పాడు. ఆవిడ అతని తల నిమిరి, "నీ తప్పేం లేదు బాబూ" అంది. ఆ తర్వాత చనిపోయే దాకా ఇంకే ఓడ కొలతా అడగలేదు. నేను పేపర్లో చూసి ఏదైనా పెద్ద ఓడ గురించి చెప్పబోతే వినేది గానీ నా చెయ్యి పట్టుకునేది కాదు. అలా వదిలేసిన చేతిని ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు. అడగడం మానేశాక ఆవిడ త్వరగా కుంగిపోయింది. ఇన్నేళ్ళూ ఆవిణ్ణి నిలబెట్టింది జవాబు కాదు, ప్రశ్న.

చివరిసారి నా చెయ్యి పట్టుకున్నది ఆస్పత్రి మంచం మీద. మోచెయ్యి దుప్పటి మీద ఆనించమని సైగ చేసింది. తన వేళ్ళు నాలుగూ చేర్చింది. "నా సమాధి మూడు మూరల వెడల్పు కట్టించవే" అంది. ఎందుకని నేను అడగలేదు. ముగ్గురు పడతారు. సమాధుల తోట పెద్దలు ఊరుకోలేదు, ఒక్క మనిషికి అంత జాగా ఎలా ఇస్తాం అన్నారు. నేను నా టీచరు గొంతు, ఏడుపు గొంతు రెండూ వాడాను. చివరికి ప్రహరీ పక్కన మూలగా ఇచ్చారు. మేస్త్రీ అడుగుల్లో చెప్పమన్నాడు. నేను చెయ్యి చాచి, నాలుగు వేళ్ళు చేర్చి చూపించాను. ఆయన వింతగా చూసి, పుల్ల విరిచి కొలత తీసుకున్నాడు.

మొన్న ఆ దండ సమాధి వెడల్పునా పరిచాను. మూడు మూరలు, ఈ కొస నుంచి ఆ కొస దాకా సరిపోవాలి. ఆ పూలమ్మాయి చేతి మూరలు కదా, చాలలేదు. ఒక పక్కన మూరెడు బోసిగా మిగిలిపోయింది. వదిన పక్క అది. చిన్నప్పుడు అన్నీ ముందు తనకే కావాలనేది. ఇప్పుడు పూలు కూడా అందక పడుకున్నట్టనిపించి, ఆ ఖాళీ సిమెంటు మీద నా చెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాను. ఎండకి కాలుతున్నా తియ్యబుద్ధి కాలేదు. తిరిగొస్తుంటే ఆటో అబ్బాయి, "ఎవరండీ?" అని అడిగాడు. చెప్పాను. "ఉప్పెనా? అబ్బో, ఏళ్ళూ పూళ్ళూ అయిపోలా మేడంగారూ" అన్నాడు. అయిపోయాయనే అందరూ అంటారు. ఎవరి చేత్తో కొలుస్తారో గానీ, నా చేత్తో కొలిస్తే ఆ ఏళ్ళన్నీ కలిపినా ఇవాళ్టి నుంచి నిన్నటి దాకా కూడా రావు.